విని నేర్చుకునే గాయక బృందం: పాదాలు విడిగా వస్తున్నాయి, కలిపి పాడితే అతుకుల దగ్గర ఆగిపోతున్నాయి

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను రెండేళ్లుగా 26 మంది ఉన్న ఒక గాయక బృందానికి పాటలు నేర్పుతున్నాను. వీరిలో 17 ఏళ్ల వారి నుంచి 70 దాటినవారి వరకు ఉన్నారు. స్వరలిపి చదవగలిగినవారు ఇద్దరే. చేరడానికి పరీక్ష పెట్టకూడదనీ, పాడాలన్న కోరిక ఉన్నవారిని ఎవరినైనా చేర్చుకోవాలనీ మొదట్లోనే నిర్ణయించుకున్నాము కాబట్టి, పాటలన్నీ విని నేర్చుకునే పద్ధతిలోనే సాగాలి. వారానికి ఒకసారి, గంటన్నర పాటు కలుస్తాము.

నా పద్ధతి చాలామంది అనుసరించేదే. ఒక పాదం నేను పాడతాను, వారు తిరిగి పాడతారు. సరిగా వచ్చేదాకా రెండు మూడు సార్లు అనిపించి తరువాతి పాదానికి వెళతాను. ఇలా విడివిడిగా పాడినప్పుడు ఏ పాదమూ తప్పు పోదు. కానీ పల్లవి మొదలుకొని చరణం చివరి వరకు ఒక్కసారిగా పాడమన్నప్పుడు, ఒక పాదం ముగిసి మరొకటి ఎత్తుకోవలసిన చోట సగం మంది ఆగిపోతారు. మొదటి మాట నేను అందిస్తే చాలు, మిగిలిన పాదమంతా తడుముకోకుండా పాడేస్తారు. అంటే పాదం వారికి వచ్చు, దాని ఎత్తుగడే గుర్తుకు రావడం లేదు.

రెండో ఇబ్బంది ఒకసారి తప్పుగా పట్టుబడిన స్వరం. ఒక పాటలో పై షడ్జం (స) దాకా వెళ్లవలసిన చోట బృందం దాని కిందున్న నిషాదం (ని) దగ్గరే ఆగడానికి అలవాటు పడింది. మూడు వారాలుగా సరిదిద్దుతున్నాను. నేను వారితో కలిసి పాడినంతసేపు సరిగానే ఉంటుంది, నేను ఆగగానే పాత తప్పు తిరిగి వస్తుంది. మూడోది, రెండు గొంతుల పాటలో కింది గొంతు పాడేవారు పై గొంతు వినిపించగానే అందులోకి జారిపోతున్నారు.

సాహిత్యం కాగితం మీద ఇవ్వడం మంచిదా, కాదా? చివరికి స్వరలిపి నేర్పక తప్పదా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

మొదటి సమాధానం

“దాని ఎత్తుగడే గుర్తుకు రావడం లేదు” అని మీరు రాసిన వాక్యం దగ్గర నేను ఆగాను. ఇది మీ బృందం జ్ఞాపకశక్తికి సంబంధించిన లోపం కాదని నా నమ్మకం. మీరు పాడడం, వారు తిరిగి పాడడం అనే పద్ధతిలో మొదటి పాదం ముగిసిన వెంటనే వారికి వినిపించేది రెండో పాదం కాదు, మీ గొంతు. నేర్చుకునేటప్పుడు ప్రతిసారీ అదే వరుస కాబట్టి, రెండో పాదానికి తాళంచెవి మొదటి పాదం చివరి స్వరంలో లేదు, మీ గొంతులోనే ఉండిపోయింది. మీరు మౌనం వహించగానే తాళంచెవి పోయినట్టే. మాట అందించగానే వారు అందుకోవడానికి కారణం కూడా అదే.

ఈ చిక్కును చాలా పూర్వమే గుర్తించి పరిష్కరించినవారు ఉన్నారు. వేదాన్ని నోటితో నేర్పే సంప్రదాయంలో క్రమపాఠమనే పద్ధతి ఉంది. అందులో మొదటి పదాన్ని రెండో పదంతో, రెండో పదాన్ని మూడో పదంతో, మూడో పదాన్ని నాలుగో పదంతో జంటలుగా కలిపి వల్లిస్తారు. ప్రతి పదమూ ఒకసారి జంటకు చివర, మరొకసారి జంటకు మొదట వస్తుంది కాబట్టి, రెండు పదాల మధ్య ఉన్న అతుకును ప్రత్యేకంగా సాధన చేసినట్టు అవుతుంది. జటాపాఠం, ఘనపాఠం ఇదే ఆలోచనను ఇంకా ముందుకు తీసుకుపోయి, పదాలను వెనక్కీ ముందుకీ తిప్పి పలికిస్తాయి. పాటకు అంత దూరం పోనక్కరలేదు గాని, క్రమపాఠాన్ని పాదాలకు అన్వయించుకోవచ్చు. ఒకటో పాదం, రెండో పాదం విడిగా వచ్చిన తరువాత, ఒకటో పాదంలోని చివరి రెండు మాటలను, రెండో పాదంలోని మొదటి రెండు మాటలను కలిపి ఒక ముక్కగా చేసి, ఆ ముక్కనే నాలుగైదు సార్లు పాడించండి. దాని నడుమ తీసుకోవలసిన ఊపిరి కూడా ఆ ముక్కలో భాగమే. ఊపిరి తీసుకునేటప్పుడే రాబోయే స్వరాన్ని మనసులో వినమని చెప్పండి. ఒక పాదం పంచమంలో (ప) ముగిసి తరువాతిది గాంధారంలో (గ) మొదలవుతున్నట్లయితే, మాటలు పక్కన పెట్టి ఆ రెండు స్వరాలనే ఒకదాని వెంట ఒకటి అనిపించండి. నా అనుభవంలో పాట తెగేది దాదాపు ఎప్పుడూ ఇలాంటి చోటే. పాదాల లోపల తెగడం అరుదు.

పొడవైన చరణమైతే చివరి పాదం నుంచి మొదలుపెట్టడం నాకు ఇంకా బాగా పనికి వచ్చింది. ముందు నాలుగో పాదం నేర్పి, తరువాత మూడోది నేర్పి వెంటనే మూడు, నాలుగు కలిపి పాడించి, ఆపైన రెండో పాదానికి రావాలి. ఇలా చేస్తే పాడేవారు ఎప్పుడూ కొత్త చోటి నుంచి తెలిసిన చోటికి ప్రయాణం చేస్తారు. మొదటి నుంచి నేర్పినప్పుడు మొదటి పాదం ముప్పై సార్లు, చివరి పాదం మూడు సార్లు పాడడం జరుగుతుంది, పాట ముగింపుకు వచ్చేసరికి బృందం గొంతు సన్నగిల్లుతుంది.

ఇక మీరు వారితో కలిసి పాడడం గురించి. దీన్ని మానుకోవలసిందిగా గట్టిగా చెబుతున్నాను. నాయకుడో నాయకురాలో కలిసి పాడుతున్నంతసేపు బృందం గుర్తు చేసుకోదు, అర క్షణం వెనుకగా అనుసరిస్తుంది. బయటికి పాట వచ్చినట్టే వినిపిస్తుంది గాని, లోపల ఏదీ నిలవదు. అంతకంటె పెద్ద నష్టం, మన గొంతు మన చెవులను కప్పేయడం వలన వారు ఎక్కడ తప్పుతున్నారో మనకే వినపడకపోవడం. నేను మొదటి రోజే ఒక మాట చెబుతాను: నేను పాడేటప్పుడు మీరు వినండి, మీరు పాడేటప్పుడు నేను వింటాను. మొదటి రెండు వారాలు ఆ మౌనం అందరికీ కష్టంగా ఉంటుంది, ముఖ్యంగా నేర్పేవారికి.

వినడానికి కూడా కొంత సమయం విడిగా కేటాయించండి. ఏ ముక్కా అనిపించకముందు పాట మొత్తాన్ని రెండు మూడు సార్లు పాడి వినిపించి, ప్రతిసారీ వారికి ఒక పని అప్పగించండి. ఒకసారి, ఏయే పాదాలకు ఒకే వరస ఉందో కనిపెట్టమనండి. మరొకసారి, అన్నిటికంటె పై స్వరం ఏ మాట మీద పడుతుందో చెప్పమనండి. ఒకటి, మూడు పాదాల వరస ఒకటేనని వారే పట్టుకుంటే, నాలుగు పాదాల పాటలో నేర్చుకోవలసినవి మూడే అవుతాయి. ముక్క ఒక గుక్కలో పాడగలిగినంత ఉండాలి. మరీ చిన్న ముక్కలుగా తుంచితే అతుకులు పెరుగుతాయి, అతుకులు పెరిగితే ఆగే చోట్లు పెరుగుతాయి. మీ పాదానికీ వారి జవాబుకూ మధ్య తాళం ఆగకూడదు. ఖాళీ వచ్చిందంటే అందులో అనుమానం ప్రవేశిస్తుంది.

తప్పుగా స్థిరపడిన స్వరానికి, ఒప్పును మళ్లీ మళ్లీ వినిపించడం మందు కాదు. వారికి రెండింటి మధ్య తేడా వినపడడం లేదు కాబట్టి, మీరు ఎన్నిసార్లు పాడినా తాము పాడుతున్నది అదేనని అనుకుంటారు. నిషాదం దగ్గర ఆగే వరసనూ, షడ్జం చేరే వరసనూ పక్కపక్కన పాడి, రెండోది ఎక్కడ వేరైందో వారినే చెప్పమనండి. ఆ తరువాత రెండింటినీ కావాలనే పాడించండి: ఒకసారి తప్పు, ఒకసారి ఒప్పు. తప్పును తెలిసి పాడగలిగినవారు దానిని తెలిసి మానగలరు.

రెండో సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తూ, మీ వారం విరామం గురించి కొంత రాస్తాను.

నేర్చుకున్నది మొదటి ఒకటి రెండు రోజుల్లో వేగంగా, ఆ తరువాత నెమ్మదిగా మరుపుకు వస్తుందని హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో తన మీద తాను చేసుకున్న ప్రయోగాల ద్వారా చూపించాడు. ఆయన వాడినవి అర్థం లేని అక్షరాల ముక్కలు. రాగం, లయ, అర్థం మూడూ ఉన్న పాట అంత త్వరగా చెరిగిపోదు గాని, మరుపు నడిచే తీరు అదే. అందుచేత గంటన్నరలో కొత్త పాటకు వరుసగా నలభై నిమిషాలు ఇవ్వకండి. ఆరంభంలో ఇరవై నిమిషాలు నేర్పి, నడుమ పాత పాటలు పాడించి, ముగించే ముందు మరో పది నిమిషాలు దానికే రండి. ఆ నడిమి విరామంలో కొంత మరిచిపోవడం, మళ్లీ గుర్తు చేసుకోవడం జరుగుతాయి. నిలిచేది ఆ గుర్తు చేసుకోవడం వలననే.

మరుసటి వారం మీరు ముందుగా పాడి వినిపించడం అన్నిటికంటె ముఖ్యంగా మానుకోవలసిన పని. శ్రుతి ఒక్కటి ఇచ్చి, గుర్తున్నంత మేరకు పాడమనండి. తడబడతారు, ఒకరు ఒక ముక్క, మరొకరు మరో ముక్క అందిస్తారు, నిమిషంలో సగం పాట పోగవుతుంది. ఆ తరువాత మీరు పాడి వినిపిస్తే, లేని ముక్కల కోసం వారు ఎదురుచూస్తూ వింటారు. అలాంటి వినికిడికీ, ఊరకే వినడానికీ చాలా తేడా ఉంటుంది.

ఇంట్లో వినడానికి ఫోనులో రికార్డు చేసి పంపండి. అయితే హంగులున్న రికార్డు వద్దు, మీ గొంతు ఒక్కటే చాలు. రెండు గొంతుల పాటకు ఎడమ చెవిలో వారి గొంతు, కుడి చెవిలో రెండో గొంతు వినిపించేలా రికార్డు చేయవచ్చు. మొదట ఎడమ చెవితో నేర్చుకుని, తరువాత ఎడమ వైపు తీసేసి కుడి చెవిలోని గొంతుకు ఎదురుగా పాడుకోవచ్చు.

కాగితం విషయంలో నా అభిప్రాయం స్పష్టంగానే ఉంది. మొదటి రెండు వారాలు ఇవ్వకండి. కన్ను కాగితం మీద పడగానే చెవి పని తగ్గుతుంది, తల వంగి గొంతు కూడా నొక్కుకుపోతుంది. తెలియని భాషలోని పాట అయితే కొందరికి భయం ఉండడం సహజం. అలాంటప్పుడు మాటలను రాగం లేకుండా, లయలో మాత్రం పలికించి, నోరు తిరిగిన తరువాత రాగం పెట్టండి. వయసు మీరినవారు మరిచిపోతామని కంగారు పడితే, ప్రతి పాదంలోని మొదటి మాటను మాత్రం ఒక పలక మీద పెద్ద అక్షరాలతో రాసి ఎదురుగా పెట్టండి. మీరు చెప్పినదాన్ని బట్టి వారికి కావలసింది అంతే.

మూడో సమాధానం

రెండు గొంతుల పాట గురించి ఎవరూ ఇంకా వివరించలేదు కాబట్టి రాస్తున్నాను. స్వరలిపి లేకుండా హార్మనీ (వేర్వేరు వరసలను ఒకేసారి కలిపి పాడడం) సాధ్యం కాదని అనుకోవలసిన పని లేదు. జార్జియా దేశపు మూడు గొంతుల గానం తరతరాలుగా నోటి ద్వారానే ప్రధానంగా సాగింది. 2001లో యునెస్కో దానిని మానవాళి మౌఖిక వారసత్వ సంపదల్లో ఒకటిగా ప్రకటించింది. ఆ దేశపు తూర్పు ప్రాంతమైన కాఖేతీ పాటల్లో కింద ఒక బృందం ఒకే స్వరాన్ని నిలిపి పట్టుకుంటే, దాని మీద ఇద్దరు పాడతారు. మొదటి మెట్టు అదే కావాలని నేను అంటాను. మీ కింది గొంతువారికి మొదటి రోజే ఒక పూర్తి వరస అప్పగించకండి. షడ్జాన్ని పట్టుకుని నిలబడమనండి, మిగిలినవారు దాని మీద పాట పాడాలి. అది కదలకుండా నిలిచిన తరువాత రెండు మూడు స్వరాల చిన్న ముక్కను మళ్లీ మళ్లీ తిప్పమనండి. ఆ తరువాత ఒకే వరసను ఒక బృందం ఒక ఆవర్తం (తాళం ఒక చుట్టు) ఆలస్యంగా ఎత్తుకునే పాటలు పాడించండి. అందరికీ వరస ఒకటే కాబట్టి నేర్చుకోవడం సులభం, అయినా పక్కవారు వేరొకటి పాడుతుండగా తమది వదలకుండా ఉండే సాధన జరిగిపోతుంది. అసలైన రెండో వరస ఈ మూడు మెట్లూ ఎక్కిన తరువాతనే.

రెండు వరసలూ అందరికీ నేర్పండి. కింది గొంతు పాడేవారు జారిపోవడానికి ముఖ్య కారణం వారికి పై గొంతు కొత్తగా, ఆకర్షణగా వినిపించడమే. తాము ముందే పాడి ఉన్న వరస కొత్తగా తోచదు. కింది వరసను ముందు నేర్పి, పై వరసను తరువాత నేర్పడం కూడా మేలు.

మొదటి సమాధానంతో ఒక్క చోట విభేదిస్తున్నాను. నేర్పేవారు మౌనంగా ఉండాలన్నది ఒకే వరస పాటకు సరైనదే. కానీ రెండు గొంతులు మొదటిసారి కలిసేటప్పుడు బలహీనమైన వైపున నిలబడి, వారి చెవికి మాత్రం వినిపించేంత మెల్లగా రెండు మూడు సార్లు తోడు పాడడం అవసరమని నేను అనుకుంటాను. లేకపోతే జారిపోవడమే మొదటి అనుభవమవుతుంది. ఆపైన మాత్రం ఆ తోడును తప్పక తీసేయాలి.

స్వరలిపి నేర్పాలా అన్నదానికి, లిపి అక్కరలేదు గాని స్వరాల ఎత్తు కంటికి కనిపించడం మేలు చేస్తుంది. చేతిని నడుము దగ్గర షడ్జంగా, తల దాటితే పై షడ్జంగా చూపిస్తూ వరసను గాలిలో గీయండి. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ కర్వెన్ రూపొందించిన చేతి గుర్తులను, తరువాత హంగేరీలో జోల్తాన్ కొడాయ్ పేరుతో ప్రసిద్ధమైన బోధనలో ఇలాగే ఎత్తు మారుస్తూ చూపిస్తారు. మీ నిషాదం, షడ్జం తేడా చెవికి అందకపోయినా, చేయి ఒక మెట్టు పైకి వెళ్లడం కంటికి అందుతుంది. 11వ శతాబ్దంలో అరెజ్జోకు చెందిన గ్విదో ఇంకొక ఉపాయం వాడాడు. ఒక స్తోత్రంలో ఒక్కొక్క పాదం అంతకు ముందుదానికంటె ఒక మెట్టు పై స్వరంతో మొదలవుతుంది. దాన్ని పిల్లలకు కంఠస్థం చేయించి, తెలియని స్వరం ఎదురైనప్పుడు ఆ స్వరంతో మొదలయ్యే పాదాన్ని తలచుకోమనేవాడు. మీ బృందానికి బాగా వచ్చిన పాటల ఎత్తుగడలను ఇలాగే కొలతలుగా వాడుకోవచ్చు. “ఫలానా పాట మొదట్లో వేసిన గెంతు ఇక్కడ కూడా ఉంది” అని చెబితే, స్వరాల పేర్లు రానివారు కూడా సరిగా గెంతుతారు.

ప్రశ్న అడిగినవారి మాట

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నాలుగు వారాలు ఇవన్నీ ప్రయత్నించి రాస్తున్నాను. అతుకుల ముక్కలు వెంటనే ఫలించాయి. కొత్త పాట మూడో వారానికే నా సాయం లేకుండా మొదటి నుంచి చివరి దాకా నడిచింది. తప్పు, ఒప్పు పక్కపక్కన పాడించినప్పుడు, తాము ఇన్నాళ్లూ పై షడ్జం దాకా వెళ్లడం లేదని వారికి మొదటిసారి వినపడింది, ఆ క్షణంలో వారి ముఖాల్లో కనిపించిన ఆశ్చర్యం నేను మరువలేను. చివరి పాదం నుంచి నేర్పడం మాత్రం మాకు సరిపడలేదు. కథలా సాగే పాట కావడం వలన అర్థం తలకిందులై కొందరు తికమకపడ్డారు. రెండు గొంతులు ఇంకా షడ్జం పట్టుకునే మెట్టు దగ్గరే ఉన్నాయి, తొందర పడడం లేదు.

ఒక విషయం మిగిలింది. మా బృందంలో అరవై ఏళ్ల పెద్దాయన ఒకరు ఎంతో ఇష్టంగా వస్తారు, ఒక్క వారం మానరు. కానీ ఆయన పాడేది నా స్వరానికీ కాక, దాని కింది స్థాయికీ (స నుంచి పై స వరకు ఒక స్థాయి) కాక ఎక్కడో మధ్యలో ఉంటుంది. తనకు శ్రుతి రాదని ఆయనే అంటుంటారు. ఆయనను నొప్పించకుండా ఎలా సరిదిద్దాలి?

నాలుగో సమాధానం

మీ రాతను బట్టి మీది స్త్రీ గొంతు అని అనుకుంటున్నాను. అదే నిజమైతే ఆయన ఇబ్బందికి కారణం చాలా మటుకు అక్కడే ఉంది. సాధారణంగా పురుషులు మాట్లాడే స్వరం సెకనుకు 100 నుంచి 130 కంపనాల దరిదాపుల్లో, స్త్రీలది 200 దరిదాపుల్లో ఉంటుంది. అంటే దాదాపు ఒక స్థాయి తేడా. మీరు పాడినది ఆయన ఉన్నదున్నట్టు అందుకోలేరు, ఒక స్థాయి కిందికి దించి పాడాలి. సంగీతం అలవాటు ఉన్నవారు తెలియకుండానే చేసే ఈ మార్పు, అలవాటు లేనివారికి సహజంగా రాదు. మీ స్వరాన్ని చేరాలని ప్రయత్నించి, గొంతు అందక మధ్యలో ఆగిపోతారు. స్వరాల తేడా నిజంగానే చెవికి అందని పరిస్థితి ఒకటి ఉన్నది గాని, అది చాలా అరుదు. ఇష్టంగా పాట వింటూ, ప్రతి వారం వచ్చే మనిషి విషయంలో దాన్ని ఊహించడం తొందరపాటు.

బృందంలో స్థిరంగా పాడే మగవారు ఒకరు ఉంటే, ప్రతి పాదాన్నీ మీరు పాడిన తరువాత ఆయన కూడా ఒకసారి పాడి వినిపించేలా ఏర్పాటు చేయండి. వాయిద్యంతో స్వరం ఇవ్వడం కంటె మనిషి గొంతుతో, అందులోనూ తన గొంతును పోలిన గొంతుతో ఇస్తే అందుకోవడం తేలిక. ఆ స్థిరమైన గొంతు పెద్దాయన పక్కన కంటె వెనుక ఉండడం మంచిది, అప్పుడు ఆ స్వరం సూటిగా చెవికి చేరుతుంది.

విడిగా పది నిమిషాలు దొరికితే, మీ స్వరాన్ని ఆయనకు ఇవ్వకండి, ఆయన స్వరాన్ని మీరు అందుకోండి. నోరు మూసుకుని తనకు హాయిగా ఉన్న ఏదో ఒక స్వరాన్ని పట్టుకోమనండి. దాన్నే మీరు మీ స్థాయిలో పాడి కలవండి, లేదా ఆ మగ గొంతును కలపమనండి. రెండు స్వరాలు ఒకటైనప్పుడు వాటి మధ్య ఉండే అదురు ఆగిపోయి, ధ్వని నిండుగా వినిపిస్తుంది. శ్రుతి కలవడమంటే ఏమిటో ఆయనకు బహుశా ఇప్పటిదాకా లోపలి నుంచి అనుభవానికి వచ్చి ఉండదు. కలిసిన ఆ స్వరం మీద నాలుగైదు ఊపిరులు నిలవనిచ్చి, తరువాత ఒక్క మెట్టు పైకి, ఒక్క మెట్టు కిందికి జారుతూ రండి. ఆ రోజుకు అంతకు మించి వద్దు.

ఆయనకు స్వరం దొరికిన వారం, అందరి ముందు పొగిడి ఆయన మీద చూపులు పడేలా చేయకండి. సాధన మొదలుపెట్టేటప్పుడు ముందుగా ఆయన స్వరం ఎత్తుకుంటే, దాన్ని అందరూ అందుకోవాలని చెప్పి, ఆ రోజు మొదటి పాటకు దాన్నే షడ్జంగా పెట్టుకోండి.